ఓరుగల్లు వైపు పాఠకులకు మొదట ఏ పుస్తకం? ఎనిమిదింటి పోలిక

కాలేజీ చదువు అయినంక తెలుగు పుస్తకం ముట్టనివాళ్లు మళ్లీ మొదలుపెడదామనుకుంటే సాధారణంగా చేసే పని ఒకటే. అందరూ గొప్పదన్న పుస్తకం తెచ్చుకుంటారు, ముప్పై పేజీలు చదువుతారు, తర్వాత అది టీవీ కింద అరలో పడి ఉంటుంది. తప్పు పుస్తకానిదీ కాదు, చదివేవాళ్లదీ కాదు. ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి చూడలేదు, అంతే.

ఇక్కడ పోల్చిన ఎనిమిదీ ఏదో విధంగా మన వైపువే. కొన్ని ఇక్కడివాళ్లు రాసినవి, కొన్ని ఇక్కడి బతుకును చెప్పినవి. వీటిలో ఏది పెద్దదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఎవరు ఏ పుస్తకంలో ఎక్కడ ఆగిపోతారో ముందే చెబితే, ఆగని పుస్తకం ఎవరికి వాళ్లే ఎంచుకోవచ్చు.

ముందు చూడాల్సినవి

మొదటిది భాష. పేజీ తెరిచి తెలియని మాటలు లెక్కపెట్టండి. నాలుగైదు వరకు ఉంటే సందర్భాన్ని బట్టి అర్థమైపోతాయి. ఎనిమిది, పది దాటితే వ్యాఖ్యానం లేని ప్రతితో మీ వల్ల కాదు. ఈ లెక్క మొదటి పేజీ మీద చేయకండి. మొదటి పేజీ ఏ రచయితైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే రాస్తాడు. నడిమిట్ల ఒక పేజీ మీద చేయండి.

రెండోది, పుస్తకం మీకు ముందే తెలుసనుకొని వదిలేసే సంగతులు. నిజాం కాలపు నవలలో "అమీన్ వచ్చిండు" అంటే ఊరంతా ఎందుకు వణికిందో రచయిత ఆగి చెప్పడు.

మూడోది చాలామంది పట్టించుకోనిది: మధ్యలో వదిలేసి నాలుగు రోజులకు మళ్లీ పట్టుకుంటే అతుకుతుందా? రోజుకు పావుగంట దొరికేవాళ్లకూ, ఆదివారం పూటంతా దొరికేవాళ్లకూ ఒకే పుస్తకం పనికిరాదు. తెలుగు చదివే అలవాటు తప్పినవాళ్లకు మామూలు సైజు పేజీకి రెండున్నర, మూడు నిమిషాలు పడుతుంది. అంటే గంటకు ఇరవై, ఇరవై నాలుగు పేజీలు. దీన్ని బట్టి మీ వారం లెక్క వేసుకోండి.

ఇంట్లో పదో తరగతి పిల్ల చేతికి ఇవ్వొచ్చా, మంచి ప్రతి దొరుకుతుందా అన్నవి నాలుగు, ఐదు.

| పుస్తకం | భాష | ముందే తెలియాల్సింది | ఆపి మళ్లీ పట్టుకోవడం | ఎవరికి |
|---|---|---|---|---|
| చిల్లర దేవుళ్లు | తేలిక | కొంచెం | సులువు | కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు |
| ప్రజల మనిషి | తేలిక | ఎక్కువ | సులువు | చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు |
| అంపశయ్య | తేలిక, నడక కష్టం | ఏమీ లేదు | కష్టం | ఒకే దమ్ముకు చదవగలవాళ్లకు |
| నా గొడవ | మాట్లాడే భాష | కవితను బట్టి | ఎక్కడైనా తెరవొచ్చు | పావుగంట దొరికేవాళ్లకు |
| క్రీడాభిరామం | కష్టం | వ్యాఖ్యానం తప్పదు | సులువు | ఊరి మీద ప్రేమ ఉన్న పెద్దలకు |
| ఆంధ్రుల సాంఘిక చరిత్ర | గ్రాంథికం, అయినా సాగుతుంది | కొంచెం | సులువు | వివరాలు పోగేసుకునేవాళ్లకు |
| పోతన భాగవతం | కష్టం, వినడానికి హాయి | కథలు తెలిసినవే | సులువు | గొంతెత్తి చదివేవాళ్లకు |
| లోపలి మనిషి | తేలిక, లావు పుస్తకం | రాజకీయాలు | కష్టం | ఓపిక ఉన్నవాళ్లకు |

గడీ నవలలు రెండు: దేంతో మొదలుపెట్టాలి

దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు", వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి" రెండూ దొర, గడీ (దొర ఉండే కోట లాంటి ఇల్లు), వెట్టి (కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరి) చుట్టూ తిరిగేవే. అందుకే ఒకటి చదివితే రెండోది అక్కర్లేదని కొందరనుకుంటారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పనితీరే వేరు.

చిల్లర దేవుళ్లలో పాణి అనే పాటగాడు బెజవాడ వైపు నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ తెలంగాణ పల్లెకు వస్తాడు. అతనికి ఈ ఊరి కట్టుబాట్లు తెలియవు. గడీలో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరిని ఎట్లా పిలవాలో, ఆడబాప అంటే ఎవరో అతను ఒక్కొక్కటే తెలుసుకుంటుంటే మనమూ తెలుసుకుంటాం. బయటివాడి కళ్లతో చూపించడం వల్ల ఈ నవలకు పదకోశం అవసరం పడదు. హైదరాబాదులో పుట్టి పెరిగిన మన పిల్లలు కూడా ఒకరకంగా పాణి లాంటివాళ్లే. పుస్తకం సన్నం, సంభాషణలు ఎక్కువ. వారం రోజుల్లో అవుతుంది. 1977లో సినిమాగా కూడా వచ్చింది. ముందు సినిమా చూసి తర్వాత నవల పట్టుకోకండి, పాత్రలు మీ మనసులో ఏర్పడేలోపే నటుల ముఖాలు అడ్డమొస్తాయి.

దీని బలహీనత కూడా చెప్పాలి. కథ కొన్నిచోట్ల సంగీతం, ప్రేమ వైపు మళ్లి మెత్తబడుతుంది. దొర బిడ్డ మంజరి, ఆడబాప వనజ ఇద్దరిలో వనజ బతుకే గుచ్చుకుంటుంది. ఆమె కనిపించని పేజీల్లో నవల బిగి తగ్గుతుంది. పిల్లలకు ఇచ్చే ముందు ఒక సంగతి: ఆడబాప అంటే దొరల ఇంటి పెండ్లిలో పెండ్లికూతురితో పాటు పంపే దాసి. ఆమె మీద ఆ ఇంటి మగవాళ్లకు హక్కు ఉన్నట్టే నడిచేది. పదో తరగతి దాటినవాళ్లకు ఇవ్వొచ్చు, కానీ ఇచ్చి ఊరుకోకుండా మాట్లాడండి.

ప్రజల మనిషిలో అట్లా చెయ్యి పట్టుకొని నడిపించేవాళ్లు లేరు. కంఠీరవం ఊరి మనిషి. అతనికి తెలిసింది మనకూ తెలుసనే లెక్కన కథ నడుస్తుంది. ఆళ్వారుస్వామి ఉద్యమంలో తిరిగినవాడు, జైళ్లు చూసినవాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు ఊరూరా మోసినవాడు. భూమి ఎట్లా చేతులు మారింది, వెట్టి ఎవరి మీద ఎట్లా పడింది, మతం మారితే ఊళ్లో ఏం మారింది, గ్రంథాలయం పెడితే దొరకు ఎందుకు కోపం, ఇవన్నీ చూసినవాడు చెప్పినట్టు ఉంటాయి. కంఠీరవం మాత్రం కొన్నిచోట్ల మనిషి కన్నా ఉపన్యాసంలా మాట్లాడతాడు. అక్కడ ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ఆ పేజీలు వేగంగా దాటండి, తర్వాతి ఊరి సన్నివేశంలో కథ మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది.

ఈ నవలకు ముందు ఓ పది మాటలు తెలిస్తే చాలు. పట్వారీ భూమి లెక్కలు రాసేవాడు. మాలీపటేలు శిస్తు వసూలు చూసేవాడు, పోలీసు పటేలు ఊరి శాంతిభద్రతలు చూసేవాడు, చాలా ఊళ్లలో ఈ పదవులు కొన్ని ఇళ్లవే. గిర్దావరు రెవెన్యూ తనిఖీ అధికారి. అమీన్ అంటే ఠాణాలో సబ్ ఇన్‌స్పెక్టరు. తాలూక్దారు జిల్లా అధికారి, ఇప్పటి కలెక్టరు లాంటివాడు. తరి నీటి పారకం భూమి, ఖుష్కి మెట్ట. దేశ్‌ముఖ్, దేశ్‌పాండే పరగణా స్థాయి వంశపారంపర్య హక్కుదారులు. ఈ పేర్లు ఒక చిట్టీ మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే సగం అడ్డంకి పోయినట్టే.

నా సలహా: ముందు చిల్లర దేవుళ్లు, వెంటనే ప్రజల మనిషి. తిరగేసి చదివితే రెండోది తేలిపోతుంది. ఒకటే చదివే తీరిక ఉంటే, కథ కావాలనుకునేవాళ్లు మొదటిది, మీ తాతల కాలంలో ఊరు ఎట్లా నడిచిందో తెలియాలనుకునేవాళ్లు రెండోది. ఆదిలాబాదు అడవి వైపువాళ్లు ఈ రెండింటికన్నా ముందు అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన "కొమురం భీం" పట్టుకున్నా తప్పులేదు. అక్కడ గడీ లేదు, అడవి మీద హక్కే అసలు గొడవ.

అంపశయ్య

హన్మకొండలో ఉండే నవీన్ పేరుకు ముందు ఈ నవల పేరే ఇంటిపేరులా అతుక్కుపోయింది. 1969లో అచ్చయింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే పల్లెటూరి విద్యార్థి ఒక్క రోజు, పొద్దున మెలకువ వచ్చినప్పటి నుంచి రాత్రి దాకా, వాడి తలలో తిరిగే ఆలోచనలే కథ. చైతన్య స్రవంతి అని విమర్శకులు పిలిచే పద్ధతి. చేతిలో పైసల్లేవు, పరీక్ష దగ్గర పడ్డది, ఇంటి పరువు తన మీద ఉంది, అమ్మాయిల ముందు నోరు పెగలదు.

ఇక్కడ అడ్డం పడేది మాటలు కావు. ఒక్కో వాక్యం తేలికే. ఒక ఆలోచన నుంచి ఇంకో దాంట్లోకి, అక్కడి నుంచి చిన్నప్పటి ఊళ్లోకి, మళ్లీ మెస్సులోకి చెప్పకుండా దూకుతుంది. రోజుకు పది పేజీల లెక్కన చదివితే ప్రతిసారీ "ఎక్కడున్నాం?" అని వెనక్కి తిరగాలి. అందుకే దీనికి పెద్ద పెద్ద కూర్చుడ్లు కావాలి. కనీసం గంటన్నర ఒక్క దమ్ముకు దొరికే రోజే మొదలుపెట్టండి. మొదటి యాభై పేజీలు ఒకే కూర్చుడులో దాటితే రవి గొంతు చెవికెక్కుతుంది, ఆ తర్వాత దూకుళ్లు ఇబ్బంది పెట్టవు.

బూతులున్నాయి, కుర్రవాడి కోరికలు దాచకుండా ఉన్నాయి. వాటికోసమే దీన్ని తిట్టినవాళ్లున్నారు. ఆ వయసు మగపిల్లవాడి తల లోపల ఇంకేం ఉంటుందని అడగాలి వాళ్లను. డిగ్రీ దాటినవాళ్లకు బాగా పడుతుంది, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చి యూనివర్సిటీ హాస్టల్లో బతికినవాళ్లకు. ఈ నడక అస్సలు పడనివాళ్లు నవీన్‌ను వదిలేయనక్కర్లేదు. 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన "కాలరేఖలు" నిదానంగా, వరస తప్పకుండా నడిచే నవల.

క్రీడాభిరామం, సాంఘిక చరిత్ర: జంటగా

ఈ రెండింటినీ విడివిడిగా కొనకండి.

వినుకొండ వల్లభరాయడి పేర ఉన్న క్రీడాభిరామం చిన్న పుస్తకం. గోవింద మంచనశర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు తెల్లవారి నుంచి రాత్రి దాకా ఓరుగల్లు వీధులు తిరుగుతారు, కనబడ్డదాని మీదల్లా వ్యాఖ్యానిస్తారు. కోడి పందేలు, పొట్టేళ్ల పోరు, ఏకవీర గుడి, మైలారు దేవుడి భటుల సాహసాలు, పల్నాటి వీరుల కథ పాడే ఆడమనిషి, ప్రతాపరుద్రుడి కాలపు వేశ్య మాచల్దేవి ఇల్లు, అన్నీ దారిలో తగులుతాయి. కథంటూ పెద్దగా లేదు, తిరుగుడే కథ. కాబట్టి రోజుకు నాలుగు పద్యాలు చదివి ఆపినా ఏమీ పోదు.

ఒక్క పద్యం చూడండి. పూటకూళ్ల ఇంట్లో, లక్ష్మణవజ్ఝల అనే ఆయన దగ్గర, ఒక్క రూకకు ఏం పెడతారో లెక్క: కర్పూరభోగి బియ్యపు అన్నం, కమ్మటి గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకునేవి నాలుగైదు, చివర గడ్డలు గడ్డలుగా కొత్త పెరుగు. మెస్సు బోర్డు మీది మెనూ చదివినట్టే ఉంటుంది. పద్యం భయం ఉన్నవాళ్లు ఈ ఒక్కదాంతో మొదలుపెడితే చాలు, మాటలు చాలావరకు ఇప్పటివే.

మిగతాది ఇంత తేలిక కాదు. అరసున్నలు, బండి ఱ, సంధుల్లో కలిసిపోయిన మాటలు. మూలం ఒక్కటే ఉన్న ప్రతి తెచ్చుకుంటే రెండో రోజుకే మూసేస్తారు. తాత్పర్యం, టిప్పణి ఉన్న ప్రతే తీసుకోండి. ఇంకో సంగతి, ఇందులో శృంగారం పచ్చిగానే ఉంటుంది. "మన ఊరి పుస్తకం" అని బడి పిల్లలకు బహుమతిగా ఇచ్చే ముందు తిరగేయండి.

చరిత్రగా చదివేవాళ్లకు ఒక జాగ్రత్త. కాకతీయ రాజ్యం పడిపోయింది 1323లో, ఈ కావ్యం ఆ తర్వాతిది. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దీనికి ఆధారం. కాబట్టి ఇందులో కనిపించే నగరంలో కొంత చూసింది, కొంత విన్నది, కొంత కవి ముచ్చటపడి కట్టింది.

అక్కడే సురవరం ప్రతాపరెడ్డి ఆదుకుంటాడు. 1949 నాటి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాజుల యుద్ధాలు పక్కకు పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడారు, ఏ దేవుళ్లను కొలిచారు అని కావ్యాల్లోంచి ఏరి చూపిస్తుంది. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దీనికే. కాకతీయుల అధ్యాయంలో ఆయన క్రీడాభిరామాన్ని బాగా వాడుకున్నాడు. అందుకని వరస ఇట్లా పెట్టుకోండి: ముందు సాంఘిక చరిత్రలో కాకతీయుల అధ్యాయం ఒక్కటే, తర్వాత క్రీడాభిరామం, తర్వాత కావాలంటే సాంఘిక చరిత్ర మిగతాది. గ్రాంథికమే అయినా వాక్యాలు పొట్టివి. మధ్యమధ్యన ఆయన విసుర్లు నవ్విస్తాయి కూడా. రెండూ తెలుగు వికీసోర్సులో ఉచితంగా చదవొచ్చు, కానీ క్రీడాభిరామానికి పక్కన అర్థం లేకపోతే ఉచితం వల్ల ఉపయోగం తక్కువ.

మిగతా మూడూ క్లుప్తంగా

కాళోజీ "నా గొడవ" మనం మాట్లాడే భాషలోనే ఉంటుంది, ఎక్కడ తెరిచినా దొరుకుతుంది. చిక్కు ఒకటే: చాలా కవితలు ఏదో ఒక రోజు జరిగిన దాని మీద మండిపడి రాసినవి. ఆ సందర్భం తెలియకపోతే కోపం మాత్రమే మిగులుతుంది. తన జీవితం చెప్పుకున్న "ఇదీ నా గొడవ" పక్కన పెట్టుకుంటే ఆ కోపాల కారణాలు తెలుస్తాయి. అది కూడా వరసగా నడవదు, ముచ్చట చెప్పినట్టు ముందుకూ వెనక్కూ పోతుంది. రోజూ పడుకునే ముందు రెండు పేజీలు చదివేవాళ్లకు ఈ జంట సరిపోతుంది.

పోతన భాగవతం పన్నెండు స్కంధాలు. మొదటి స్కంధం నుంచి వరసగా పోదామనుకోవడమే ఇందులో జరిగే తప్పు. ఎనిమిదో స్కంధంలో గజేంద్ర మోక్షం, అక్కడే వామన చరిత్ర, తర్వాత ఏడులో ప్రహ్లాదుడు, పదిలో రుక్మిణీ కల్యాణం. ఈ నాలుగూ అయ్యాక మిగతాది ఆలోచించండి. అయిదు, ఆరు, పదకొండు, పన్నెండు స్కంధాలు గంగన, సింగన, నారయల చేతివి. అక్కడ నడక మారినట్టు అనిపిస్తే మీ చెవి సరిగానే పనిచేస్తున్నట్టు. కళ్లు అలిసే పెద్దవాళ్లకు చదవడం కన్నా వినడం మేలు. తెలుగుభాగవతం వెబ్‌సైటులో పద్యానికి ప్రతిపదార్థం ఉంది, వినడానికి ఆడియో కూడా ఉంది.

పీవీ నరసింహారావు 1998లో ఇంగ్లిషులో రాసిన నవల "ఇన్‌సైడర్". కల్లూరి భాస్కరం తెలుగులోకి "లోపలి మనిషి"గా తెచ్చారు. ఆనంద్ అనే నాయకుడు, అఫ్రోజాబాద్ అనే ఊహా రాష్ట్రం. ఎవరు ఎవరో పోల్చుకోగలిగిన వాళ్లకే ఇందులో అసలు రుచి. రాష్ట్ర రాజకీయాల పాత ముచ్చట్లు తెలిసిన పెద్దాయన ఇంట్లో ఉంటే ఆయనకు ఇవ్వండి. ఇరవై ఏళ్ల వాళ్లకు మొదటి పుస్తకంగా ఇస్తే వందో పేజీ దాకా కూడా పోరు.

మీరు ఏ రకం?

కాజీపేట నుంచి సికింద్రాబాదుకు రోజూ రైల్లో పోయేవాళ్లు: పోను రెండు గంటల చిల్లర, రాను అంతే. కూర్చునే చోటు దొరికితే ఒక ప్రయాణానికి నలభై పేజీలు సులువు. ఎనిమిదింటిలో అంపశయ్యకు సరిపోయే సమయం మీ దగ్గరే ఉంది. నిలబడి పోయే రోజుల్లో నా గొడవ సంచిలో ఉంచుకోండి.

ఇంగ్లిషు మీడియంలో చదివి తెలుగు తడుముకునేవాళ్లు: చిల్లర దేవుళ్లే. మొదటి ఇరవై పేజీలు బయటికి చదవండి. కంటికి కొత్తగా ఉన్న మాట చెవికి తెలిసినదే అవుతుంది, మన ఇళ్లలో నానమ్మలు అనే మాటలే అవి.

గ్రూప్స్‌కు తయారయ్యేవాళ్లు: సిలబసులో తెలంగాణ సామాజిక, సాంస్కృతిక చరిత్ర ఉంది కదా అని నవలలన్నీ ముందేసుకోకండి. రచయిత, రచన, సంవత్సరం జతలకు నోట్సు చాలు. పరీక్ష ముందు మూడు నెలల్లో చదవదగ్గది ఒక్కటే, సాంఘిక చరిత్రలో కాకతీయుల భాగం. ప్రజల మనిషి పరీక్ష అయినంక చదవండి, అప్పుడు నోట్సులో ఒక లైనుగా చూసిన వెట్టి మనుషుల రూపంలో కనిపిస్తుంది.

ఖిలా వరంగల్ చూపించడానికి చుట్టాలను తీసుకుపోయేవాళ్లు: పూటకూళ్ల పద్యం ఒకటి, స్వయంభూదేవుడి ప్రస్తావన ఉన్నచోటు ఒకటి క్రీడాభిరామంలో గుర్తు పెట్టుకొని పొండి. కీర్తితోరణాల దగ్గర గైడు చెప్పే దానికన్నా అక్కరకొస్తాయి.

ప్రతి చూసి తీసుకోవడం

ముందు గ్రంథాలయంలో తిరగేసి, నచ్చితేనే కొనండి. హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది, జిల్లా గ్రంథాలయాలు ఉన్నాయి. ఇంటికి ఇస్తారో లేదో, ధరావతు ఎంతో, గడువు ఎన్ని రోజులో ముందే అడగండి. లావు పుస్తకానికి గడువు చాలదు.

కొనేటప్పుడు మూడు చూడాలి. లోపలి పేజీలో "సంక్షిప్త" అన్న మాట ఉందా, ఉంటే వదిలేయండి. కాయితం పలచనై వెనక పేజీ అక్షరాలు కనబడుతుంటే రాత్రి దీపం కింద ఒత్తులు, అరసున్నలు కలిసిపోతాయి. జిగురుతో అంటించిన అట్టయితే నడిమిట్ల తెరిచి మెల్లగా ఒత్తి చూడండి, చిటపటమంటే రెండో చదువుకు పేజీలు ఊడతాయి.

నెట్‌లో దొరికే పాత స్కాన్లలో పేజీలు తప్పిపోవడం మామూలే. దించుకున్న వెంటనే మూడు చోట్ల, మొదట్లో, నడుమ, చివర, అచ్చులోని పేజీ అంకె ఫైలు అంకెతో ఒకే తేడాతో వస్తుందా చూడండి. తేడా మారితే ఆ మధ్యలో పేజీలు పోయాయన్నమాట, ఇంకో స్కాను వెతుక్కోండి. నవలకు ఇది ముఖ్యం. క్రీడాభిరామంలో ఒక పేజీ పోయినా మిత్రులిద్దరూ పక్క వీధిలో మళ్లీ కలుస్తారు, అంపశయ్యలో పోతే రవిని మళ్లీ పట్టుకోలేరు.